నాట్ టైప్ 3 గోల
పీఎస్5 గేమ్ కన్సోల్‌లో నాట్ టైప్ 3 (అంటే బయటివాళ్లు నేరుగా కనెక్ట్ కాలేని నెట్) అని వస్తే నరకమే, పార్టీ చాట్‌లో ఫ్రెండ్ గొంతు నాకు వినపడదు, నాది వాడికి వినపడదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి ఆన్ చేయండి సార్ అంటారు. అరే బాబూ, రౌటర్‌లో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది, అంటే మీరే నన్ను సీజీనాట్ అనే మీ ఉమ్మడి గేటు వెనక పడేసి ఒక్క పబ్లిక్ ఐపీని ఊరందరికీ పంచుతున్నారు, ఇక నేను రౌటర్‌లో దారులు వాటంతటవే తెరిచే యూపీఎన్పీ ఆన్ చేసినా, చేత్తో పోర్టులు ఫార్వర్డ్ చేసినా గోడకి చెప్పుకున్నట్టే కదా! సొంత ఐపీ కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలట. పోనీ వీపీఎన్ (వేరే సర్వర్ గుండా నెట్ నడిపేది) అనుకుంటే పీఎస్5లో దానికి యాప్ లేదు, రౌటర్‌లో పెట్టాలి, పెడితే డేటా అంతా సింగపూర్ చుట్టి వస్తుంది, పింగ్ (డేటా వెళ్లి రావడానికి పట్టే టైం) చూస్తే ఏడుపొస్తుంది. నిన్న వచ్చిన టెక్నీషియన్ మాత్రం ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చూపించి, నెట్ బ్రహ్మాండంగా ఉంది సార్ అని కంప్లైంట్ క్లోజ్ చేసి పోయాడు.