స్టాంపు గుద్దడానికి ఫీజు

ముప్పయ్యొక్క ఏళ్లు స్టాంపు గుద్దినందుకు ప్రభుత్వం నాకు జీతమిచ్చింది. మొన్న శని, ఆదివారాలు అదే పని చెయ్యడానికి నేను ఆరువేలు కట్టాను. భోజనం, టీ అందులోనే. ఈ రెంటిలో ఏది న్యాయమో తేల్చడానికి కమిషను వెయ్యక్కర్లేదు. రెండోదే. జీతం తీసుకున్న ఏ రోజూ ఎవరూ నా ముద్ర చూసి 'వావ్' అనలేదు.

కాగితాలతో, స్టాంపులతో బొమ్మలు చేసే ఆ క్రియేటివ్ రిట్రీట్‌కు నా పేరు రాయించింది కోడలు. "రిటైరయ్యాక పేపర్లో అచ్చుతప్పులు ఎంచుతూ కూర్చున్నారు మామయ్యా, రెండ్రోజులు మీకిష్టమైన కాగితాల మధ్య ఉండి రండి" అంది. చంద్రగిరి దాటాక ఒక మామిడితోపులో గెస్ట్ హౌస్. బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ ట్రాలీ బ్యాగులు ఈడ్చుకుంటూ జనం దిగారు. తిరుపతి దాకా వచ్చి కొండెక్కకుండా కాగితాలు కత్తిరించుకుని వెళ్లిపోయేవాళ్లను చూడడం నాకదే మొదలు. స్వామికి మాత్రం ఇందులో పట్టింపు ఉండదు, ఆ రెండ్రోజులూ క్యూ కొంచెం తగ్గుతుంది.

మొదటి పాఠం స్టాంపు పట్టుకోవడం. గాజులా కనిపించే పల్చటి స్టాంపును అక్రిలిక్ దిమ్మెకు అంటించి, ఇంకు అద్ది, కాగితం మీద దించాలి. నేను నా పద్ధతిలో దించాను. టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. "అంకుల్, ఊపకూడదు! నిటారుగా దించండి, సమంగా నొక్కండి, నిటారుగా ఎత్తండి."

ఊపకూడదా? మా ఆఫీసు గుండ్రటి సీలు అంచులు అరిగి, నడుమ దుమ్ము అట్టకట్టి ఉండేది. ఒక పక్క నొక్కితే 'కార్యా' పడేది, ఇంకో పక్క నొక్కితే 'లయం' పడేది. రెండూ పడాలంటే నాలుగు దిక్కులా ఊపాల్సిందే. ప్యాడ్ ఎండిపోతే కొత్త ఇంకుకు ఇండెంటు పెట్టి, అది పాసయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్లతో నెట్టుకొచ్చేవాళ్లం. ఇక్కడ ప్యాడ్లు నలభై రంగుల్లో ఉన్నాయి, ఊదా తప్ప. ఊదా చూస్తే ఆఫీసు గుర్తొచ్చి మనశ్శాంతి పోతుందట.

రబ్బరుకు గంధకం కలిపి కాల్చే పద్ధతికి 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. ఆయన పుణ్యాన అది దేనికీ కరగకుండా, దేనికీ చలించకుండా గట్టిపడింది. ఆ గుణం చూసే దాన్ని ఆఫీసుల్లోకి తీసుకుని ఉంటారు.

అలాంటి స్టాంపుకు మన కళ్ల ముందే రోజులు తిరగబడ్డాయి. గెజిటెడ్ ముద్ర అక్కర్లేదు, ఎవరి నకలుకు వాళ్లే సంతకం పెట్టుకోవచ్చని 2014లో కేంద్రం చెప్పింది. డిజిటల్ సంతకాలూ వచ్చాయి. పని పోయిన రాజు రాజమహల్ చంద్రగిరిలో మ్యూజియమైంది, పని పోయిన స్టాంపు ఆ పక్క తోపులోనే సీతాకోకచిలుకైంది. 1639లో మద్రాసు నేలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చినప్పుడు ఏలుబడి ఈ చంద్రగిరి రాయలదే. ముద్ర పడితే ఊళ్లు చేతులు మారిన చోట ఇప్పుడు ముద్ర పడితే కప్‌కేక్ బొమ్మ వస్తోంది.

మధ్యాహ్నం కొత్త కాగితాన్ని పాతగా చేసే విద్య నేర్పారు. టీ డికాక్షన్లో ముంచాలి, అంచులు చింపాలి, నలిపి ఆరబెట్టాలి. పక్కనున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి గంటన్నర కష్టపడితే కాగితం ఓ ఇరవయ్యేళ్లు ముసలిదైంది. మా రికార్డు రూములో ఏ ఫీజూ లేకుండా చెదలు, ఎలుకలు, కారే కప్పు కలిసి అంతకన్నా నాణ్యమైన పని చేసేవి. వాటినెవరూ ఆర్టిస్టులనలేదు. లక్క కరిగించి కవరు మీద సీలు వేసే క్లాసులో మాత్రం నన్నే ముందు నిలబెట్టారు. ఎన్నికల డ్యూటీల్లో వేళ్లు కాల్చుకున్న అనుభవం ఊరికే పోలేదు.

ఆదివారం 'కళంకారీ స్పెషల్'. నెమళ్లు, చిలకలు, తీగలు, అన్నీ స్టాంపులే. ఇక్కడికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో శ్రీకాళహస్తి వాళ్లు బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి, బెల్లమూ తుప్పుపట్టిన ఇనుమూ ఊరవేసిన నల్లరంగులో వెదురు కలం ముంచి, గీత గీతా చేత్తోనే గీస్తారు. అచ్చులతో అద్దేది పెడన వాళ్లు. కాళహస్తి పక్కన కూర్చుని పెడన పని రబ్బరుతో చేసి దానికి కలం పేరు పెట్టడం చూశాక, ఈ రిట్రీట్‌కు రెవెన్యూ శాఖతో దూరపు చుట్టరికమేదో ఉందని నాకు నమ్మకం కుదిరింది.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. ప్రతి మండలాఫీసునూ రెండో శనివారం క్రియేటివ్ రిట్రీట్‌గా ప్రకటించాలి. పొద్దుటినుంచి వరండాలో కూర్చున్నవాళ్లు అర్జీదారులు కారు, పార్టిసిపెంట్లు. వాళ్లు చేస్తున్నది నిరీక్షణ కాదు, ధ్యానం. వేపచెట్టు కింద ఫారాలు నింపిపెట్టే దళారి ఇకమీదట ఫెసిలిటేటర్. పోయిన ఫైలు పోయినట్టు కాదు, కొలాజ్‌లో కలిసినట్టు. ఫీజు సంగతి కొత్తగా చెప్పేదేముంది, వసూలు ఎప్పటినుంచో ఉంది. రసీదు ఇవ్వడమొక్కటే కొత్త.

సాయంత్రం సర్టిఫికెట్లు పంచారు. దాని మీద స్టాంపు లేదు. అడిగితే, క్యూఆర్ కోడ్ ఉందన్నారు.

సామాను సర్దుకుంటుంటే తోపు కాపలా పెద్దాయన గుమ్మంలో తచ్చాడాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఏం సార్, ఇన్ని స్టాంపులుండాయి కదా, నా పింఛను కాయితం మీద ఒగటి గుద్దియ్యి సార్. ఇది లేదనే తిప్పుతా ఉండారు."

ట్రేలన్నీ వెతికాను. నెమలి ఉంది, కప్‌కేక్ ఉంది, 'పుట్టినరోజు శుభాకాంక్షలు' ఉంది. ఆయన కాగితం అంచులు డికాక్షన్ అక్కర్లేకుండానే పండిపోయి ఉన్నాయి. దాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చి, నోటికి అలవాటైన మాటే అన్నాను.

"సోమవారం రా."