వాస్తు ప్రకారం సముద్రం

హైదరాబాదుకు అన్నీ ఉన్నాయి, ఒక్క సముద్రమే తక్కువైందని కుమిలిపోయేవాళ్లకు శుభవార్త. కొల్లూరు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో 'సీ వ్యూ' ఫ్లాట్లు అమ్ముతున్నారు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న ఊరిది. అయినా బ్రోచర్‌లో వేశాక నమ్మక చస్తామా?

సైటు చూడ్డానికి వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు సైగ చేస్తే వాచ్‌మన్ మోటారు స్విచ్ వేశాడు. కొలనులో నీళ్లు బద్ధకంగా లేచి పడ్డాయి. అదే అలట. స్పీకర్లో హోరు మొదలైంది. ఇంతలో కరెంటు పోయి సముద్రం ఆగిపోయింది. "జనరేటర్ బ్యాకప్ ఉంది సార్" అన్నాడు కుర్రాడు. అంటే డీజిల్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందన్నమాట. ఆటుపోట్లు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకానే. ఆదివారం పిల్లల కోసం 'సునామీ మోడ్' కూడా ఉందట. అన్నిటికన్నా నాకు నచ్చిన మాట ఇంకోటి: "సముద్రాన్ని ఈశాన్యంలో పెట్టాం సార్, పక్కా వాస్తు." పాపం, బంగాళాఖాతానికి వాస్తు చూసినవాడే లేడు, ఆంధ్రకు ఆగ్నేయంలో పడింది!

ఇసుక ఎక్కడిదని అడిగాను. "ప్యూర్ గోదావరి సార్!"

నిజమే చెప్పాడు. ములుగు, భూపాలపల్లి రేవుల నుంచి లారీలు రాత్రీ పగలూ మోసుకొస్తున్నది ఆ ఇసుకే, అందులో మన అపార్ట్‌మెంట్లన్నిటికీ వాటా ఉంది. నది దాన్ని సముద్రం దాకా మోసుకెళ్లి ఒడ్డును నిలబెట్టాలి. గోదావరి డెల్టా పుట్టిందే అలా. ఎగువన జయక్‌వాడీ, శ్రీరాంసాగర్ లాంటి డ్యాములు కొంత ఆపేస్తే, మిగిలినదాంట్లో లారీలకెక్కేది ఎంతో! ఒడ్డుకు రావాల్సింది రాకపోతే సముద్రం ఊళ్లోకి వచ్చి తీసుకుంటుంది.

కాకినాడ పక్కనున్న ఉప్పాడ వెళ్లి చూడండి. హోప్ ఐలాండ్ పెరిగి అలల దారి మారిందని కూడా అంటారు, సరే, అదీ ఒక కారణమే అనుకుందాం. తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు ముక్కలవుతుంది. రాళ్లు పోస్తారు, అవీ జారిపోతాయి. ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో జియోట్యూబ్ గోడ వేస్తే దాన్నీ అలలు చీల్చేశాయి. పౌర్ణమి, అమావాస్య పోట్లకు సామాన్లు సర్దుకుని కూర్చోవడం అక్కడి జాలర్లకు అలవాటైపోయింది. సముద్రం ఏకంగా వంటింట్లోకే వస్తోంది, వాళ్లకిక వ్యూ దేనికి?

ఇల్లు పోతే ఇచ్చేది బియ్యం, ఒక టార్పాలిన్, పక్కన నిలబడి దిగే ఫొటో. వాళ్ల ఒడ్డుకు చేరాల్సిన ఇసుకతో కట్టిన గోడల మీద మనం ఇరవయ్యేళ్ల లోను తీసుకుని, గృహప్రవేశానికి స్వీట్లు పంచుతున్నాం, సిగ్గు లేకుండా.