చిమ్నీ నీడలో సిమెంటు ఎందుకు చవక కాదు?

సున్నపురాయి ఉన్నచోటే సిమెంటు ఫ్యాక్టరీలు వెలుస్తాయి. మేళ్లచెరువు, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల అలా ఎదిగినవే. దుమ్ము భరించే ఊరికి బస్తా చవగ్గా రావాలనుకోవడం సహజం. కానీ లెక్క వేరు.

200 కిలోమీటర్ల ఎడంలో రెండు ఫ్యాక్టరీలు ఉన్నాయనుకుందాం. బస్తా తయారీ ఖర్చు రెండింటికీ 280 రూపాయలు. లారీ కిరాయి టన్నుకు కిలోమీటరుకు 3 రూపాయలు, అంటే 50 కిలోల బస్తాకు 15 పైసలు. మొదటి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రెండోవాడు సరుకు చేర్చాలంటే 310 పడుతుంది. కాబట్టి మొదటివాడు అక్కడ 310కి ఒక్క పైసా తగ్గించి అమ్మితే చాలు. సరిగ్గా మధ్యలో ఉన్న ఊళ్లో ఇద్దరికీ 295 పడుతుంది, పోటీ ధర కూడా అక్కడికే దిగుతుంది. కిరాయి మోసుకెళ్లిన చోట తక్కువ, కిరాయే లేని చోట ఎక్కువ! పక్క ఊరి ధరను నిర్ణయించేది పక్కనున్న ఫ్యాక్టరీ కాదు, దూరంగా ఉన్న పోటీదారు.

ఇలా ఊరికో ధర పెట్టడాన్ని, అంటే ధర వివక్షను, పట్టుకోవాలంటే బిల్లులోంచి జీఎస్టీ, డిస్కౌంటు, కిరాయి తీసేసి ఫ్యాక్టరీకి నికరంగా మిగిలేదెంతో ఊరూరా పోల్చాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. డీలర్ డిస్కౌంట్లు బిల్లులో కనిపించవు, తర్వాత క్రెడిట్ నోటుగా (ఖాతాలో తగ్గింపు చూపే చీటీగా) వస్తాయి. బూడిద వంటివి కలిపిన పీపీసీ సిమెంటును మామూలు ఓపీసీ సిమెంటుతో పోల్చినా, సరుకు ఏ గ్రైండింగ్ యూనిట్ (సిమెంటును చివరగా పొడి చేసే చోటు) నుంచి వచ్చిందో చూడకపోయినా లెక్క తప్పుతుంది. అన్నిచోట్లా ఒకే ధర ఉంటే వివక్ష లేదనుకోవడం మరో పొరపాటు. అప్పుడు దగ్గరివాడే దూరపువాడి కిరాయి కడుతున్నాడు.

మరి గేటు ధర అందరికీ ఒకటే ఉండాలని, కిరాయి విడిగా వేయాలని చట్టం చేస్తే? కొనుగోళ్లు తగ్గవనుకుంటే, పై లెక్కలోనే ఇద్దరి గేటు ధరా 310 దగ్గర స్థిరపడుతుంది. పక్క ఊరికి ఒరిగేదేమీ లేదు. మధ్య ఊరి ధర మాత్రం 295 నుంచి 325కి ఎగబాకుతుంది. ఊరూరా ధర మార్చే వీలుంటేనే పోటీదారు ఇంటిముందుకొచ్చి కొట్లాడగలడు.

అసలు చూడాల్సింది కుమ్మక్కు. 1936లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, టుకుంకారిలో ఒక ప్రభుత్వ టెండరుకు 11 సిమెంటు కంపెనీలు వేసిన ధర పీపాకు 3.286854 డాలర్లు. ఆరో దశాంశం దాకా అందరిదీ అదే! ఫ్యాక్టరీ ఎక్కడున్నా ఒకే 'ఆధార కేంద్రం' నుంచి కిరాయి లెక్కగట్టే పద్ధతి వల్ల వచ్చిన అంకె అది. ఆ పద్ధతిని 1948లో అక్కడి సుప్రీంకోర్టు తప్పుబట్టింది. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2012లో 11 సిమెంటు కంపెనీలకు దాదాపు 6,300 కోట్ల జరిమానా వేసింది కూడా కుమ్మక్కు ఆరోపణ మీదే, ఊరికో ధర పెట్టారని కాదు.