నీలం ట్యాగు డ్రామా కాదు: విత్తన సంచుల మీద తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

వానాకాలం దుక్కులు మొదలైతే చాలు, మన గ్రూపుల్లో విత్తనాల మీద ఏదో ఒక మెసేజ్ తిరగడం మామూలే. కానీ ఈసారి హనుమకొండ, పరకాల, హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఫోన్లన్నిట్లోకి వచ్చినది చూసి ఊరుకోబుద్ధి కాలేదు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: సర్టిఫైడ్ విత్తనం అంటే ఉత్త డ్రామా, ట్యాగులు కంపెనీలే అచ్చేసుకుంటాయి. ట్యాగు మీద 80 శాతం మొలక అని రాశారంటే మిగతా 20 శాతం మోసమని వాళ్లే ఒప్పుకున్నట్టు. లూజు వడ్లు తెచ్చి చల్లుకుంటే చాలు, అదే మేలు. ల్యాబులు కంపెనీల కోసమే, రైతుకు కాదు. ఒకసారి చల్లేశాక మొలవకపోయినా ఏ కేసూ నిలవదు, కాబట్టి సంచి, ట్యాగు దాచిపెట్టుకోవడం దండగ.

నేను విత్తన వరి పండించే రైతును. ఆ మెసేజ్ రాసినాయన కోపం నాకు అర్థమవుతుంది, నకిలీ పత్తి విత్తనం పెట్టి ఏడాదంతా పోగొట్టుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నాయి. కానీ ఆ కోపంలో రైతు చేతిలో ఉన్న గట్టి ఆధారాన్నే చింపి పారేయమని చెప్తున్నారు, దీనివల్ల లాభపడేది నకిలీ విత్తనం అమ్మేవాడు తప్ప ఇంకెవరూ కాదు.

"ట్యాగులు కంపెనీలే అచ్చేసుకుంటాయి."

ఇది సగం నిజం. ఏ ట్యాగు గురించి మాట్లాడుతున్నారో చెప్పకపోవడంతోనే తప్పంతా వచ్చింది. బ్రీడర్ విత్తనానికి, అంటే రకం తయారుచేసిన శాస్త్రవేత్తల దగ్గరి మూల విత్తనానికి, బంగారు పసుపు ట్యాగు, దాన్నుంచి పెంచిన ఫౌండేషన్‌కు తెలుపు, ఫౌండేషన్ నుంచి పెంచి రైతుకు అమ్మే సర్టిఫైడ్‌కు నీలం. కంపెనీ తన బాధ్యత మీద తానే వేసుకునే ట్రూత్‌ఫుల్ లేబుల్ లేత ఆకుపచ్చ. 1966 విత్తన చట్టం ప్రకారం నోటిఫై చేసిన, అంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన రకాలకు లేబుల్ వేయడం తప్పనిసరి, సర్టిఫికేషన్ చేయించడం మాత్రం ఉత్పత్తిదారు ఇష్టం. అంటే ఆకుపచ్చ లేబుల్ మీద ఉన్న అంకెలకు కంపెనీదే పూచీ. నీలం ట్యాగుకు మాత్రం కంపెనీతో సంబంధం లేని సంస్థ, మన తెలంగాణలో అయితే రాష్ట్ర విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ, పొలం చూసి, విత్తనం పరీక్షించి ఇస్తుంది. సర్టిఫైడ్ సంచికి నీలం ట్యాగుతో పాటు ఉత్పత్తిదారు ఆకుపచ్చ లేబుల్ కూడా ఉంటుంది. రెండూ చూసి "ఇదేంటి, కంపెనీదే కదా" అని కొందరు పొరబడుతున్నారు.

ఆ నీలం ట్యాగు ఎలా వస్తుందో చెప్తాను, ఎందుకంటే ఇది మా మడుల్లో జరిగే పనే. ముందు ఫౌండేషన్ విత్తనం ఎక్కడ కొన్నామో బిల్లుతో, ట్యాగుతో సహా చూపించి పొలం రిజిస్టర్ చేయించుకోవాలి. పక్క మడిలో వేరే రకం ఉంటే మామూలు వరికి కనీసం 3 మీటర్ల ఎడం, అదే హైబ్రిడ్ (రెండు రకాలు కలిపి పుట్టించిన) వరి విత్తనమైతే 100 మీటర్లు. మన కరీంనగర్, వరంగల్ వైపు హైబ్రిడ్ సీడ్ వేసినవాళ్లకు ఈ 100 మీటర్ల కోసం పక్క రైతులతో ఎంత మాట్లాడుకోవాల్సి వస్తుందో తెలుసు. పూత నుంచి కోత లోపు తక్కువలో తక్కువ రెండుసార్లు అధికారి వచ్చి మడిలో దిగి అక్కడక్కడా మొక్కలు లెక్కపెడతాడు. సర్టిఫైడ్ వరి పొలంలో వేరే రకం మొక్కలు, అంటే మనం కేళీలు, బెరకులు అంటామే అవి, 0.20 శాతానికి మించకూడదు. వెయ్యి మొక్కల్లో రెండు. ఎక్కువుంటే కూలీలను పెట్టి పీకించాలి, లేదంటే ఆ పొలం ఫెయిల్, ఆ వడ్లు మామూలు ధాన్యంగా అమ్ముకోవాల్సిందే. ఈ నష్టం భరించే రైతులు ఉన్నారు, వాళ్ల ముందు నిలబడి "అంతా డ్రామా" అనడం న్యాయం కాదు.

తర్వాత ప్రాసెసింగ్ ప్లాంటులో శుభ్రం చేసి, ఆ లాట్‌లోంచి, అంటే ఒకే విడతగా సిద్ధం చేసిన విత్తన రాశిలోంచి, నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. భౌతిక శుద్ధి (చెత్త, వేరే గింజలు పోను అసలు విత్తనం) 98 శాతం, మొలక 80 శాతం, తేమ 13 శాతానికి లోపు, ఇవన్నీ తేలితేనే ట్యాగు, సీలు. ఇందులో ఎక్కడా తప్పు జరగదని నేను అనట్లేదు, దొంగ ట్యాగులు అచ్చేసేవాళ్లూ లేకపోలేదు. అందుకే 2023లో కేంద్రం సాథీ అనే పోర్టల్ తెచ్చింది. ట్యాగు మీద క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి ఆ లాట్ ఎవరిదో, ఎక్కడిదో చూసుకోవచ్చు. కోడ్ ఉంటే దుకాణంలోనే, డబ్బులు ఇవ్వకముందే చూడండి.

మెసేజ్ రాసినాయన ఒక విషయం కలిపేశారు. మన దగ్గర దొరికే బీటీ పత్తి హైబ్రిడ్ ప్యాకెట్ల మీద, మిర్చి హైబ్రిడ్ల మీద మీకు కనిపించేది దాదాపు ఎప్పుడూ కంపెనీ లేబులే, నీలం ట్యాగు కాదు. కాబట్టి పత్తిలో మోసపోయిన బాధను తెచ్చి వరి, పెసర, కంది సర్టిఫైడ్ సంచుల మీద వేస్తే లెక్క కుదరదు. పత్తి ప్యాకెట్ కొనేటప్పుడు ప్రభుత్వ ముద్ర ఉందని కాదు, కంపెనీ మాట మీద కొంటున్నానని తెలిసి కొనాలి. ఇక ఊళ్లలో సంచుల్లో లూజుగా తిప్పే కలుపుమందు తట్టుకునే పత్తి ఉంది చూశారా, బీటీ-3 అని చెప్పి అంటగడతారు, దానికి మన దేశంలో అనుమతే లేదు. లేబుల్ లేదు, బిల్లు లేదు, రేపు మొలవకపోతే అడగడానికి మనిషి కూడా ఉండడు.

"80 శాతం అంటే 20 శాతం మోసం."

ఇది వినడానికి బాగుంటుంది కాబట్టే ఎక్కువ షేర్ అయింది. 80 అనేది వరికి కనీస హద్దు, అంతకన్నా తగ్గితే సర్టిఫికెట్ రాదు. చాలా లాట్లు దానికన్నా ఎక్కువే మొలుస్తాయి. ఈ హద్దు అన్ని పంటలకూ ఒకటే కాదు: హైబ్రిడ్ మక్కకు 90, పెసరకు, కందికి 75, సోయాకు, పల్లికి 70, మిర్చికి 60. సోయా గింజ పైపొర పలచన, బస్తా గట్టిగా కింద పడేస్తేనే లోపల దెబ్బ తింటుంది, దానికి 90 కావాలంటే ఎవరూ ఇవ్వలేరు. గింజ స్వభావాన్ని బట్టి పెట్టిన అంకెలు ఇవి. ఎకరానికి ఎంత విత్తనం వాడాలన్న సిఫారసు కూడా వీటిని లెక్కలోకి తీసుకునే ఇస్తారు, నారు పోసి నాటే వరికి 20 నుంచి 25 కిలోలు అనేది అలా వచ్చిందే.

ల్యాబులో ఎలా చూస్తారంటే 400 గింజలు లెక్కపెట్టి వందేసి చొప్పున నాలుగు భాగాలుగా మొలకెత్తిస్తారు, వరికైతే 14వ రోజున ఆఖరి లెక్క. మొలిచిన ప్రతిదాన్నీ లెక్కేయరు, వేరూ మొలకా రెండూ సరిగా ఉన్నవే లెక్క. అక్కడ నీళ్లు, వేడి సరిగ్గా ఉంటాయి. మన చెలకలో అలా ఉండదు. జూన్ మొదట్లో ఒక్క వాన పడగానే పత్తి గింజ పెట్టేసి, తర్వాత పదిహేను రోజులు చినుకు లేకపోతే 90 మొలిచే విత్తనం కూడా మాడిపోతుంది. 60, 70 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసాకే పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ప్రతి ఏడూ చెప్పేది అందుకే. అన్ని తప్పులూ రైతువేనని నేను చెప్పడం లేదు. మొలవకపోవడానికి కారణం విత్తనమా, వానా అనేది తేల్చడానికి కూడా ఆ ట్యాగు మీది లాట్ నంబరే కావాలి, అదే లాట్ తడి ఉన్న పక్క పొలంలో ఎలా మొలిచిందో చూస్తే సగం తేలిపోతుంది.

ట్యాగు మీద తేదీ చూడటం మాత్రం మనవాళ్లు మర్చిపోతున్నారు. సర్టిఫికెట్ పరీక్ష తేదీ నుంచి 9 నెలలే చెల్లుతుంది. మళ్లీ పరీక్షించి పాసైతే ఇంకో 6 నెలలు పొడిగిస్తారు. గడువు దాటిన సంచి తక్కువ రేటుకు ఇస్తామంటే తీసుకోకండి.

"లూజు వడ్లే మేలు."

ఇంటి విత్తనాన్ని నేను తక్కువ చేయను. తెలంగాణ సోనా, కూనారం సన్నాలు, జగిత్యాల రకాలు, మన వరంగల్ పరిశోధన స్థానం ఇచ్చిన సిద్ధి లాంటివి హైబ్రిడ్లు కావు, సొంత పంటలోంచి మంచి భాగం చూసి, కేళీలు పీకి, విడిగా కోసి, బాగా ఎండబెట్టి దాచుకుంటే కొన్నేళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. 2001 మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకునే హక్కు కూడా ఇచ్చింది. కానీ మెసేజ్ చెప్పేది ఇది కాదు, ఎవరివో తెలియని వడ్లు, ఏ రకమో తెలియని వడ్లు తెచ్చుకోమంటోంది. రైతు తన ఇంటి దగ్గర నేరుగా ఇంకో రైతుకు అమ్మే సొంత విత్తనానికి 1966 చట్టం వర్తించదు, 24వ సెక్షన్‌లో ఉంది. అమ్మడం తప్పు కాదు, అయితే మొలవకపోతే ఆ చట్టం కింద మీరు అడిగేదీ ఏమీ ఉండదు. తెలిసిన మనిషి, చూసిన పొలం అయితే తీసుకోండి. హైబ్రిడ్ పంట గింజలు మాత్రం మళ్లీ విత్తనంగా వద్దు, రెండో తరంలో మొక్క మొక్కకూ పొడుగు, పూత, కోత అన్నీ తేడా వస్తాయి.

"ల్యాబులు రైతుకు కాదు."

ఇది పూర్తిగా తప్పు. ల్యాబుకు వచ్చే నమూనాల్లో సర్వీస్ శాంపిల్ అని ఒక రకమే ఉంది, రైతు గానీ, దుకాణదారు గానీ ఫీజు కట్టి తన విత్తనం పరీక్షించుకోవచ్చు. మీ ఏఈఓనో (వ్యవసాయ విస్తరణ అధికారి), మండల వ్యవసాయాధికారినో అడిగితే ఎంత విత్తనం, ఎక్కడికి పంపాలో చెప్తారు. సంచి పైనుంచి ఒక గుప్పెడు తీసి పంపితే లాభం లేదు, పైన, మధ్యలో, అడుగున తీసి కలపాలి. హైదరాబాద్‌లో మన రాష్ట్రానికి అంతర్జాతీయ ప్రమాణాల విత్తన పరీక్ష ల్యాబు ఉంది, 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్ష సంఘం మహాసభలు కూడా హైదరాబాద్‌లోనే జరిగాయి. మన ఇంటి పక్కన ఇంత ఉండగా "రైతుకు కాదు" అని మనమే ప్రచారం చేసుకోవడం ఎందుకు?

ల్యాబుకు వెళ్లే వీలు లేకపోతే తడి గోనె సంచి చాలు. వంద గింజలు వరసగా పేర్చి, చుట్టి, నీడన పెట్టి తడి ఆరకుండా చూసి, గట్టి మొలకలు లెక్కపెట్టండి. కొత్తగా కోసిన వడ్లలో కొన్ని రకాలకు నిద్రావస్థ ఉంటుంది, అంటే గింజ బతికే ఉన్నా కొన్నాళ్లు మొలవదు, మొలక తక్కువ కనిపించగానే విత్తనం చచ్చిందనుకోకండి. కిలో విత్తనానికి లీటరు నీటిలో 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం, నిద్రావస్థ ఎక్కువున్న రకాలకు 10 మి.లీ. కలిపి, 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టమని (తడి గోనెలో మూటగా పెట్టి మొలకెత్తించమని) వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. యాసిడ్ పని కాబట్టి ఏఈఓను దగ్గర పెట్టుకుని చేయండి.

"చల్లేశాక కేసు నిలవదు."

అన్నిటికన్నా ప్రమాదం ఈ మాటే. విత్తన చట్టంలో శిక్ష చిన్నదన్నది నిజం, మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా, అది చూసి నాకూ కడుపు మండుతుంది, మార్చాల్సిందే. కానీ నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ల మీద మన రాష్ట్రంలో పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కూడా వాడొచ్చు. రైతుకు డబ్బు తిరిగి రావాలంటే దారి వేరే ఉంది. 2012లో సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని తేల్చింది. కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు, పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకోవాలని ఆశించకూడదని కూడా చెప్పింది. అంటే "చల్లేశావు కాబట్టి నీ దగ్గర రుజువు లేదు" అనే వాదన అక్కడే పడిపోయింది.

చేయాల్సింది ఏమిటంటే, కొన్నప్పుడే బిల్లు అడగండి, 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు బిల్లు ఇచ్చి తీరాలి. అందులో రకం పేరు, లాట్ నంబరు రాయించండి. ఖాళీ సంచి, ట్యాగు, లేబుల్ పంట చేతికొచ్చే దాకా ఉంచండి, గుప్పెడు విత్తనం మిగిలితే అదీ ఉంచండి. మొలవకపోతే, కేళీలు విపరీతంగా వస్తే, పొలం దున్నేయకముందే మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేయండి. విత్తన నియమాల్లో 23ఎ ప్రకారం, నోటిఫై చేసిన విత్తనం మీద రైతు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే విత్తన ఇన్‌స్పెక్టర్ ఆ లేబుల్, సంచి, మిగిలిన విత్తనం తీసుకుని పంట ఎందుకు పోయిందో విచారించి నివేదిక ఇవ్వాలి. ఆయన అడిగే మొదటి రెండూ ఈ మెసేజ్ పారేయమన్నవే.

ఆ నివేదిక కాపీ పట్టుకుని రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, విత్తనానికి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. ఫిర్యాదు మాత్రం ఫోన్లో చెప్పి వదిలేయకండి, కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి.