శ్రీమాన్ పదిహేను నిమిషాల వారికి

అయ్యా,

మీరు క్షేమమే అయి ఉంటారు. హైదరాబాద్‌లో ఏ అద్దె ఇంటి ప్రకటన చూసినా దర్శనమిస్తున్నారు కాబట్టి ఆరోగ్యం గురించి అడగక్కర్లేదు. మణికొండ టు-లెట్ బోర్డు మీద మీరే, నిజాంపేట బ్రోకరు వాట్సాప్‌లో మీరే, తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీ కరపత్రంలోనూ మీరే. "హైటెక్ సిటీకి పదిహేను నిమిషాలు." ఆ మూడు ఊళ్ళూ హైటెక్ సిటీకి మూడు దిక్కుల్లో ఉన్నాయి. అయినా మూడింటికీ కొలత ఒక్కటే.

తమరి జన్మరహస్యం గురించి నాకో అనుమానం ఉంది. ఏదో ఆదివారం పొద్దున ఆరున్నరకు, స్కూలు బస్సులు లేనప్పుడు, సిగ్నళ్ళు ఇంకా పసుపు రంగులో మిణుకుమంటున్నప్పుడు, ఓనరుగారి అల్లుడు కారులో వెళ్ళి మిమ్మల్ని కొలిచి ఉంటాడు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ కొలవలేదు. అద్దె మాత్రం ఏటా కొలుస్తున్నారు.

ఈమధ్య పుప్పాలగూడలో ఒక ఇల్లు చూశాం. తొమ్మిదో అంతస్తు. ఓనరుగారు బెడ్‌రూమ్, వంటగది చూపించకుండానే నేరుగా బాల్కనీలోకి తీసుకెళ్ళి, "అదిగోండి మీ ఆఫీసు, ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడుతుంది" అన్నారు. నిజంగానే ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల అద్దాల బిల్డింగు ఎండకు మెరుస్తోంది. కేకలు వేసి ఉద్యోగం చేసే సౌకర్యం మా కంపెనీలో లేదు. గేటు దాటగానే ఎదురుగా డివైడర్. కుడివైపు వెళ్ళాల్సినవాడు ఎడమకు తిరిగి, యూటర్న్ వెతుక్కుని, అదే గేటు ముందు నుంచి మళ్ళీ వెళ్ళి, సర్వీసు రోడ్డెక్కి, అండర్‌పాస్ దగ్గర వాటర్ ట్యాంకర్ వెనక నిలబడాలి. వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి అడిగాను. "ఎనిమిది లోపల పోండి సార్, లేకపోతే పదకొండు దాటాక పోండి. మధ్యలో నన్ను అడగొద్దు" అన్నాడు. బ్రోకరు ఇతనికి వాటా ఇవ్వట్లేదని అర్థమైంది.

మీ కోసం ఈ నగరం చేయని సేవ లేదు. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. 2022 జనవరిలో షేక్‌పేట ఫ్లైఓవర్ వచ్చింది. ఇలా ఒక్కొక్కటి తెరవగానే ప్రకటనల్లో మీరు పది నిమిషాలకు చిక్కిపోతారు, అద్దె ఒళ్ళు చేస్తుంది. ఆ పది నిమిషాలను నమ్ముకుని మరో నాలుగు టవర్లు లేస్తాయి, వాటి కార్లన్నీ అదే ఫ్లైఓవర్ ఎక్కుతాయి, రోడ్డు మీద మీరు మళ్ళీ ముప్పావుగంట అవుతారు. అద్దె మాత్రం పాత లెక్కకు దిగిరాదు. వంతెన కట్టింది ప్రభుత్వం, డబ్బు మన పన్నులది, దాని మీద కిరాయి వసూలు చేసుకునేది ఓనరుగారు. ఈ లెక్కలో నిమిషాలు మిగిలింది ఎవరికో కాస్త చెప్పండి.

మెట్రో ఉందిగా అంటారు. ఉంది. 2017 నవంబరులో మియాపూర్‌కు, 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి వచ్చింది. అయితే మియాపూర్‌లో ఎక్కినవాడు హైటెక్ సిటీకి రావాలంటే ముందు అమీర్‌పేట దాకా పోవాలి, అక్కడ రైలు మారి మళ్ళీ పడమటికే రావాలి. ఊరికి ఆ చివరనున్న నాగోల్ వాడికి మాత్రం అదే మొదటి స్టేషన్. హాయిగా సీట్లో కూర్చుని, కునుకు తీసి, రైలు మారకుండా రాయదుర్గంలో దిగుతాడు. వాడి ఇంటి ప్రకటనలో మీ ఊసే లేదు, అందుకే అద్దె తక్కువ! (ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే రాయదుర్గం దిగాక షేర్ ఆటోలో సగం సీటు. అది వేరే పురాణం.)

ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులైతే మీ మహిమ రెట్టింపు. మా తమ్ముడి ఆఫీసు గచ్చిబౌలిలో, మరదలిది ఉప్పల్‌లో. ఇద్దరికీ న్యాయంగా ఉంటుందని బేగంపేటలో తీసుకున్నారు. న్యాయం జరిగింది, ఇద్దరూ సమానంగా ఆలస్యమవుతున్నారు. ఇంటి అగ్రిమెంటు పదకొండు నెలలు. అది పూర్తికాకముందే మావాడి కంపెనీ కోకాపేటకు మారింది.

వానల్లో మిమ్మల్ని వెతకడం కూడా దండగే. 2023 జులై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను విడతలవారీగా లాగౌట్ చేయమన్నారు. పనికి షిఫ్టులుండటం తెలుసు గానీ, ఇంటికి పోవడానికి కూడా షిఫ్టులుండటం అప్పుడే చూశాం.

కాబట్టి అయ్యా, ఒక్క మనవి. ఏదైనా మంగళవారం సాయంత్రం ఆరున్నరకు, సన్నగా తుంపర పడుతుండగా, బయోడైవర్సిటీ జంక్షన్‌కు రండి. ఓనరుగారిని కూడా వెంటబెట్టుకు రండి. పెట్రోలు నాది, చాయ్ నాది. పుప్పాలగూడ గేటు దగ్గరికి పదిహేను నిమిషాల్లో చేరితే అడిగినంత అద్దె, ఏడాదికి పది శాతం పెంపు, రెండు నెలల అడ్వాన్స్, అన్నిటికీ మారుమాట్లాడకుండా సంతకం పెడతాను. దాటిన ప్రతి నిమిషానికీ నెల అద్దెలో వంద రూపాయలు తగ్గించాలి. ఈ షరతు అగ్రిమెంటులోనే రాయించండి. గోడలకు మేకులు కొట్టరాదు, మాంసాహారం వండరాదు, చుట్టాలు మూడు రోజులకు మించి ఉండరాదు అని రాసినచోట కింద కాస్త ఖాళీ ఉంటుంది.

ఇట్లు,
ఇంకా ఇళ్ళు చూస్తూనే ఉన్న
ఒక కిరాయిదారు