ఫేస్‌బుక్ కంటే ముందు గఫ్సా ఉంది

2011లో అరబ్ దేశాల్లో పాలకుల మీద జనం చేసిన తిరుగుబాట్ల గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ, వాటికి ఫేస్‌బుక్కే కారణమన్న మీ వాదన ఒప్పుకోలేను. ట్యునీషియానే తీసుకోండి. 2010 డిసెంబరు 17న సీదీ బూజీద్‌లో పళ్ళ బండి నడిపే బువజీజీ ఒంటికి నిప్పంటించుకోవడంతోనే అందరూ కథ మొదలుపెడతారు. అంతకు దాదాపు మూడేళ్ళ ముందే, 2008 జనవరిలో, అదే దేశంలోని గఫ్సా ఫాస్ఫేట్ గనుల ప్రాంతం భగ్గుమంది. ప్రభుత్వ గనుల కంపెనీ ఉద్యోగాల ఎంపికలో అంతా పైరవీలేనని రెదేయెఫ్ పట్టణంలో నిరుద్యోగులు రోడ్డెక్కారు. నెలల తరబడి సాగిన ఆ పోరాటాన్ని అప్పటి అధ్యక్షుడు బెన్ అలీ పోలీసులతో అణిచేసి, నాయకుల్ని జైల్లో పెట్టించాడు. మిగతా దేశం పెద్దగా కదల్లేదు.

2010లో మాత్రం యూజీటీటీ కార్మిక సంఘం స్థానిక శాఖలు, ముఖ్యంగా టీచర్లు, ఊరూరా ఊరేగింపులు నడిపారు. మొదట తటపటాయించిన పై నాయకత్వం కూడా చివరికి ప్రాంతీయ సమ్మెలకు సరేనంది. 2011 జనవరి 14న బెన్ అలీ సౌదీకి పారిపోయాడు. ఫోన్ వీడియోలు అల్ జజీరా టీవీలో రావడం సాయపడింది, కాదనను. కానీ వీడియో చూసినవాడిని వీధిలో నిలబెట్టింది సంఘమే కదా!

సూడాన్ మీద కూడా రాస్తానన్నారు. 2018 డిసెంబరులో రొట్టె ధర మీద జనం తిరగబడిన అత్‌బరా, పాత రైల్వే యూనియన్ల ఊరు. ఆ సంగతి వదిలేయకండి.