మా పెరటి సిమెంటు గచ్చు గారికి

మహారాజశ్రీ సిమెంటు గచ్చు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా బాతు మంగ ఎడమ కాలు తప్ప. తమరి క్షేమం అడగక్కర్లేదు. బండలా ఉన్నారు.

తమరిని వేయించి ఏడాదిన్నర అయింది. వానొస్తే పెరడంతా బురద, ఆ కాళ్లతో ఇల్లంతా అచ్చులు అని ఇంట్లో రోజూ గొడవ. మేస్త్రీ వచ్చి "గచ్చు చేయించండి సార్, ఒక్క బకెట్ నీళ్లతో అద్దంలా మెరుస్తుంది" అన్నాడు. చివర్లో జారకుండా గరుకు గీతలు కూడా పెట్టాడు. ఆ గీతల మీద మేం రబ్బరు చెప్పులేసుకుని తిరిగాం. మంగకు చెప్పుల్లేవన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

దాని ఒళ్లేమో 3.5 కిలోలు. మోసేవి రెండు కాళ్లు, వేళ్ల మధ్య పల్చటి చర్మం. కోతలయ్యాక మా వైపు చేలల్లో బాతుల మందలు దిగుతాయి. పొద్దస్తమానం మెత్తటి బురదలో తిరగడానికి చేసిన కాళ్లవి. మేం చూస్తే దాన్ని తమరి మీదకి తోలాం, శుభ్రంగా ఉంటుందని.

మొదటి నాలుగు రోజులు అది కుంటుతుంటే నవ్వుకున్నాం కూడా. బాతు నడకే అంత కదా, అందులో కుంటుడు ఎవరు కనిపెడతారు? తొట్టి దగ్గరికి కూడా లేవకుండా కూర్చుండిపోయినప్పుడు ఎత్తి చూశా. అరికాలు ఉబ్బి ఉంది, మధ్యలో శనగగింజంత నల్లటి పెచ్చు. అమ్మ "ఆనెకాయరా, పసుపు రాయి" అంది. రాశాను. మంగ తిన్నగా తొట్టిలోకి దిగి కడిగేసుకుంది.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు "బాతుకు వైద్యమేంటండీ, మసాలా చాలదూ?" అన్నాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. దీన్ని బంబుల్‌ఫుట్ అంటారట. గరుకు నేల మీద అరికాలు ఒరుసుకుపోతే ఆ గాయంలోంచి స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి లోపలికి దూరుతుందట. మనకైతే చీము కారిపోతుంది. పక్షులకు గట్టిపడి జున్నుముక్కలా లోపలే కూర్చుంటుంది. ఇంట్లో బ్లేడు పట్టుకుని డాక్టర్ వేషాలు వేయొద్దని గట్టిగా చెప్పి, ఆయనే కోసి తీశాడు.

తర్వాత "ఏం పెడుతున్నారు?" అని అడిగాడు. అన్నం, కోళ్ల దాణా అన్నాను. అన్నంతో ఒళ్లొస్తుంది, ఆ బరువు మళ్లీ అరికాలి మీదే. ఇక బాతులకు నయాసిన్ అనే విటమిన్ కోళ్లకన్నా ఎక్కువ కావాలి, అది చాలకపోతే కాళ్లు బలహీనపడతాయి. అంటే నేరంలో మాకూ వాటా ఉంది. గచ్చుగారూ, అంత సంబరపడకండి, పెద్ద వాటా తమరిదే.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కలిపి పావుగంట కాలు నానబెట్టడం. ఆ నీళ్లు తాగితే విరేచనాలు, మంగేమో టబ్బు కనిపిస్తే ముక్కు ముంచకుండా ఉండలేదు. ఒక చేత్తో ఒళ్లు, ఇంకో చేత్తో తల, కాలు పట్టుకోడానికి మా ఆవిడ. తుడిచి, బెటాడిన్ రాసి, గాజుగుడ్డ పెట్టి కట్టు. కట్టిన పది నిమిషాలకు ముక్కుతో పీకి నా ముందు పడేస్తుంది, ఇదిగో నీ గుడ్డ అన్నట్టు. ఈత బంద్. చెరువు చూసే బాతుకి ఈత బంద్ అంటే ఏంటో తమరికెలా తెలుస్తుంది?

ఆరు వారాలు పట్టింది. పెచ్చు రాలి కింద లేత చర్మం కనిపించిన రోజు ఇంట్లో పాయసం చేశారు, మంగకు పెట్టలేదు. తమరి మీద ఇప్పుడు జానెడు మందాన ఎండుగడ్డి పరిచాం. తడిసిందల్లా తీసి రోజూ కొత్తది వేస్తున్నాం. తమరి అద్దం మొహం చూసి నెలయింది.

ఇట్లు,
మేస్త్రీకి ఇంకా రెండు వేలు బాకీ ఉన్న
తమరి యజమాని

తా.క.: మొన్న గడ్డి మారుస్తూ చెప్పుల్లేకుండా తమరి మీద గంటసేపు తిరిగాను. మడమ మంట. ఎప్సమ్ సాల్ట్ ఇంకా అర ప్యాకెట్ ఉంది.